ఎడమ కాలు విసిరిన ఈటె

ఈటె విసరడం చేతి పని అని అందరం అనుకుంటాం. మైదానంలో మన కంటికి చివరగా కనిపించేది చేయే, ఈటెను వదిలేదీ అదే. కాబట్టి దూరం ఎంత పోయిందన్నది భుజబలాన్ని బట్టి ఉంటుందని తేల్చేస్తాం. అదే నిజమైతే చెక్ క్రీడాకారిణి బార్బొరా ష్పొటాకొవా జీవితం మనకు అర్థం కాదు. ఆమె 1981లో పుట్టింది. 2007లో ఒసాకాలో ప్రపంచ చాంపియన్ అయింది. 2008లో బీజింగ్‌లో, 2012లో లండన్‌లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది. 2008 సెప్టెంబరు 13న స్టుట్‌గార్ట్‌లో 72.28 మీటర్లు విసిరి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. 2013లో తల్లి అయింది, మరుసటి ఏడాదే జ్యూరిక్‌లో యూరప్ చాంపియన్‌గా నిలిచింది. 2017లో, 36 ఏళ్ళ వయసులో, మళ్ళీ ప్రపంచ చాంపియన్ అయింది. 2018లో రెండో కొడుకు పుట్టాడు. 2022లో మ్యూనిక్‌లో జరిగిన యూరప్ పోటీల్లో 41 ఏళ్ళ ఆమె కాంస్యం అందుకుంది. ఆ రోజు స్వర్ణం గెలిచిన గ్రీసు అమ్మాయి ఎలీనా జెంగోకు 19 ఏళ్ళు. ఒక మనిషి చేతి కండ రెండు కాన్పుల్ని, ఇరవై ఏళ్ళ ప్రపంచస్థాయి పోటీని దాటి నిలబడిందా? ఈ అధ్యాయం ఇచ్చే జవాబు వేరు. ఈటెను దూరం పంపేది చేతి బలం కాదు. పరుగులో శరీరం కూడగట్టుకున్న శక్తిని సరైన క్షణంలో, సరైన వరుసలో ఈటెలోకి మళ్ళించే నేర్పు. ఆ నేర్పు కండ కంటే నెమ్మదిగా తరుగుతుంది.

ముందు లెక్క చూద్దాం. విసిరిన వస్తువు ఎంత దూరం పోతుందన్నది ప్రధానంగా మూడింటి మీద ఆధారపడుతుంది: చేయి వదిలిన క్షణంలో దాని వేగం, ఏ కోణంలో వదిలారన్నది, నేలకు ఎంత ఎత్తున వదిలారన్నది. ఎత్తులో మనిషికీ మనిషికీ పెద్ద తేడా ఉండదు. కోణం కూడా మంచి క్రీడాకారులందరిలో దాదాపు ఒకేలా, 35 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. మిగిలింది వేగం. దూరం వేగానికి అనుపాతంలో కాదు, వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. అంటే వేగం 5 శాతం పెరిగితే దూరం సుమారు 10 శాతం పెరుగుతుంది. గాలి ప్రభావాన్ని పక్కనపెట్టి లెక్కిస్తే, 72 మీటర్లు దాటాలంటే ఈటె సెకనుకు దాదాపు 27 మీటర్ల వేగంతో చేతిని వీడాలి. అది గంటకు 97 కిలోమీటర్లు. మహిళల ఈటె బరువు 600 గ్రాములు. ఆ బరువుకు ఆ వేగాన్ని ఇవ్వడానికి కావలసిన గతిశక్తి సుమారు 220 జౌళ్ళు. ఇది పెద్ద మొత్తమేమీ కాదు. 22 కిలోల బియ్యం మూటను మీటరు ఎత్తుకు లేపినా ఇంచుమించు అంతే శక్తి ఖర్చవుతుంది.

కష్టమంతా ఆ శక్తిని అందించడానికి దొరికే సమయంలో ఉంది. విసురులో ఈటె వేగంలో అధిక భాగం చివరి పదోవంతు సెకనులోనే వస్తుంది. ముందుకాలు నేలను తాకడానికీ ఈటె చేయి జారడానికీ మధ్య ఉండే వ్యవధి అంత చిన్నది. 220 జౌళ్ళలో ఎక్కువ భాగాన్ని ఆ వ్యవధిలో ఇవ్వాలంటే రెండు వేల వాట్లకు అటూ ఇటూగా సామర్థ్యం కావాలి, అంటే రెండున్నర, మూడు అశ్వసామర్థ్యాలు. భుజం, ముంజేయి కండరాలు ఒంటరిగా ఇంత సామర్థ్యాన్ని ఇవ్వలేవు. మరి అది ఎక్కడిది? ఈటె పట్టుకుని పరుగెత్తే మనిషిని గమనించండి. 80 కిలోల శరీరం సెకనుకు 5 మీటర్ల వేగంతో పరుగెడుతోందనుకుంటే దానిలోని గతిశక్తి 1000 జౌళ్ళు. ఈటెకు కావలసిన దానికి నాలుగు రెట్ల పైచిలుకు శక్తి పరుగులోనే సిద్ధంగా ఉందన్నమాట. అందులో సగం వేడిగా, కుదుపుగా వృథా అయినా ఇంకా మిగులే. నిలబడిన చోటినుంచి విసిరినప్పుడు అదే మనిషి, అదే చేయి, అదే ఈటె ఎన్నో మీటర్లు వెనకబడటానికి కారణం ఈ నిల్వ లేకపోవడమే.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. పరుగు వేగం సెకనుకు 5 మీటర్లు, ఈటె వేగం 27 మీటర్లు. పరుగు ఇచ్చింది 5 అయితే మిగతా 22 చేయి ఇచ్చినవే కదా? వేగాల్ని కూడితే అలాగే కనిపిస్తుంది. అయితే ఒక వస్తువునుంచి మరో వస్తువుకు బదిలీ అయ్యేవి శక్తి, ద్రవ్యవేగం. బరువైన శరీరం నెమ్మదిగా కదులుతూనే ఎంతో శక్తిని మోస్తుంది. ఆ శక్తిలో కొంత భాగం తేలికైన వస్తువులోకి చేరితే అది ఎన్నో రెట్లు వేగంగా కదులుతుంది. చెర్నాకోలను ఝళిపించినప్పుడు జరిగేది ఇదే. పిడి పట్టిన చేయి నెమ్మదిగా కదిలి ఆగుతుంది, ఆ ఆగడంతో కదలిక తాడులోకి పాకుతుంది, తాడు సన్నబడేకొద్దీ వేగం పెరుగుతుంది, కొస దగ్గర ఛెళ్ళుమంటుంది. పిడి ఆగకపోతే ఛెళ్ళుమనడం ఉండదు. ఈటె విసురులో పిడిని ఆపే పని ముందుకాలిది. కుడిచేత్తో విసిరే ష్పొటాకొవాకు అది ఎడమ కాలు. చివరి అడుగులో ఆ కాలు వంగకుండా, నిటారుగా నేలకు తన్ని నిలవాలి. అప్పుడు పాదం ఆగుతుంది, తుంటి దాని మీదుగా ముందుకు తిరుగుతుంది, మొండెం తుంటి వెనక వస్తుంది, తర్వాత భుజం, తర్వాత మోచేయి, చివరికి మణికట్టు. ఒక్కొక్క భాగం ఆగుతూ తన తర్వాతి భాగానికి వేగాన్ని అప్పగిస్తుంది. ఆ కాలి మీద ఆ క్షణంలో పడే బలం శరీరం బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. మోకాలు కాస్త మెత్తబడి వంగిందంటే పరుగులో కూడగట్టిన శక్తి ఆ వంపులోనే ఇంకిపోతుంది. భుజం ఎంత బలమైనదైనా ఆ నష్టాన్ని పూడ్చలేదు.

ఈ గొలుసులో ఇంకో రహస్యం కూడా ఉంది. తుంటి ముందుకు తిరిగిపోయినా భుజం ఇంకా వెనకే ఉండాలి. ఆ ఒక్క క్షణం పొట్ట, ఛాతీ, భుజం కండరాలు, వాటిని ఎముకలకు కట్టి ఉంచే స్నాయువులు బాగా సాగుతాయి. సాగిన కండరం వెంటనే ముడుచుకుంటే మామూలుగా ముడుచుకునేదానికంటే ఎక్కువ బలం ఇస్తుంది, స్నాయువులు తాము దాచుకున్న స్థితిస్థాపక శక్తిని తిరిగి ఇచ్చేస్తాయి. అందుకే గొప్ప క్రీడాకారులు విసరడానికి ముందు చేతిని వెనక్కి చాచి, వదులుగా, దాదాపు మరిచిపోయినట్టు ఉంచుతారు. చేయి తొందరపడి ముందే లాగడం మొదలుపెడితే గొలుసు తెగుతుంది. కొత్తగా నేర్చుకునేవారు, ముఖ్యంగా భుజబలం ఉన్నవారు, ఎక్కువగా చేసే తప్పు ఇదే. తన బలం మీద నమ్మకం ఉన్న చేయి తన వంతు వచ్చేదాకా ఆగదు. అంటే ఈ ఆటలో చేతికి నేర్పవలసిన మొదటి పాఠం ఓపిక.

ఇప్పుడు ష్పొటాకొవా దారిని ఈ వెలుగులో చూడండి. ఆమె జావెలిన్‌తో మొదలుపెట్టలేదు, హెప్టాథ్లాన్‌తో మొదలుపెట్టింది. రెండు రోజులపాటు సాగే ఆ పోటీలో హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్, జావెలిన్, 800 మీటర్ల పరుగు, మొత్తం ఏడు ఉంటాయి. ఈ ఏడింటిలో జావెలిన్‌కు పనికొచ్చే పాఠాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. హైజంప్‌లో పరుగు వేగాన్ని ఒక కాలి మీద ఆపి పైకి మళ్ళించాలి. లాంగ్‌జంప్‌లో పలక మీద అడుగు తప్పకుండా పడేలా పరుగును కొలుచుకోవాలి. హర్డిల్స్‌లో వేగం తగ్గకుండా అడుగుల లయ తప్పకూడదు. షాట్‌పుట్‌లో కాలినుంచి మొదలైన కదలిక చేతిదాకా చేరాలి. ఈ శిక్షణలో పెరిగిన అమ్మాయికి ఎడమ కాలు గట్టిగా నిలపడం కొత్త విద్య కాదు. అయినా విజయం వెంటనే రాలేదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఆమె ఫైనల్ చేరలేదు. 2006లో యూరప్ పోటీల్లో 65.64 మీటర్లతో రజతం, 2007లో ఒసాకాలో 67.07 మీటర్లతో స్వర్ణం, 2008లో బీజింగ్‌లో 71.42 మీటర్లు. 27 ఏళ్ళ మనిషి భుజం రెండేళ్ళలో అంతగా బలపడటం కష్టం. పరుగు, కాలు, తుంటి, చేయి ఒక వరుసలోకి రావడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది, వరుస కుదిరాక దూరం ఒక్కసారిగా పెరుగుతుంది. బీజింగ్ ఫైనల్లో రష్యా క్రీడాకారిణి మరియా అబాకుమొవా 70.78 మీటర్లతో ముందుండగా, ష్పొటాకొవా తన చివరి అవకాశంలో 71.42 విసిరి గెలిచింది. ఐదు ప్రయత్నాల అలసట తర్వాత కండరం కొత్తగా బలం పుంజుకోదు. ఆరోసారి కుదిరింది వరుస.

రికార్డుల పుస్తకం చూసిన పాఠకుడికి మరో సందేహం రావాలి. 1988లో తూర్పు జర్మనీ క్రీడాకారిణి పెట్రా ఫెల్కె సరిగ్గా 80 మీటర్లు విసిరింది. మరి 72.28 ప్రపంచ రికార్డు ఎలా అవుతుంది? ఇరవై ఏళ్ళలో ఆడవాళ్ళు బలహీనపడ్డారా? ఈ రెండు అంకెలు ఒకే ఈటెకు సంబంధించినవి కావు. 1984లో ఊవె హోన్ పురుషుల ఈటెను 104.80 మీటర్లు విసిరాక మైదానాలు సరిపోవేమోనన్న భయం మొదలైంది. పైగా పాత ఈటెలు గాలిలో తేలి, ముక్కు దిగకుండా బల్లపరుపుగా వాలేవి. అది సరైన విసురా, ఫౌలా అని న్యాయనిర్ణేతలకు తగాదా తప్పేది కాదు. అందుకని 1986లో పురుషుల ఈటెను, 1999లో మహిళల ఈటెను మార్చారు. మార్పు చిన్నదే. గరిమనాభిని కాస్త ముందుకు జరిపారు. గాలి ఒత్తిడి సగటున పనిచేసే చోటు దానికి వెనక పడటంతో, గాలి తోకను ఎత్తి ముక్కును కిందికి వంచుతుంది. ఈటె ముందే దిగుతుంది, ముక్కుతోనే నేలను గుచ్చుకుంటుంది. కొత్త ఈటెతో నార్వేకు చెందిన ట్రీనె హాట్టెస్టాడ్ 2000లో 69.48 మీటర్లు, క్యూబాకు చెందిన ఒస్లెయిదిస్ మెనెండెజ్ 2001లో 71.54, 2005లో 71.70 మీటర్లు విసిరారు. 72.28ని పోల్చవలసింది ఈ వరుసతోనే. పాత ఈటె గాలి చేతిలో బాగా తేలేది, తేలించే నేర్పుకు బహుమతి ఇచ్చేది. కొత్తది ఆ సాయాన్ని తగ్గించి, చేయి వదిలిన వేగం మీదే భారమంతా వేసింది. అంటే ష్పొటాకొవా అంకె పాతదానికంటే చిన్నదైనా, శరీరం చేసిన పనికి అది నమ్మదగిన కొలత.

బలం పక్షాన ఉన్న అసలైన వాదన ఇంకా మిగిలే ఉంది. కండను పెంచే మందులు వాడినవారు ఈ ఆటలో లాభపడ్డారు కదా అని అడగవచ్చు. అబాకుమొవా 2011లో దేగు ప్రపంచ పోటీల్లో 71.99 మీటర్లతో ష్పొటాకొవాను 41 సెంటీమీటర్ల తేడాతో ఓడించింది. తర్వాత, భద్రపరిచిన నమూనాలను మళ్ళీ పరీక్షిస్తే, నిషిద్ధ స్టెరాయిడ్ వాడకం బయటపడింది. ఆమె బీజింగ్ రజతం పోయింది, దేగు స్వర్ణం ఏళ్ళ తర్వాత ష్పొటాకొవాకు దక్కింది. బలానికి విలువ లేకపోతే మందులకు ఫలితం ఎందుకుంటుంది? ఈ ప్రశ్నను తప్పించుకోకూడదు. బలానికి విలువ ఉంది, అది గొలుసులోని ప్రతి కణుపుకూ కావాలి. ఎడమ మోకాలు వంగకుండా నిలవడానికి తొడ బలం కావాలి, మొండెం సాగి తెగిపోకుండా ఉండటానికి నడుము బలం కావాలి, భుజం కీలు జారకుండా ఉండటానికి దాని చుట్టూ ఉన్న చిన్న కండరాల బలం కావాలి. గొలుసు ఎంత శక్తిని మోయగలదన్న హద్దును నిర్ణయించేది బలం. ఆ హద్దు లోపల నిజంగా ఎంత శక్తి ఈటెను చేరుతుందన్నది నిర్ణయించేది వరుస. మందులు ఆ హద్దును దొంగదారిలో పెంచుతాయి, శిక్షణలో త్వరగా కోలుకునేలా చేస్తాయి. అందుకే అవి మోసం. అయినా అదే దేగులో నిజాయితీ గల విసురు 71.58 మీటర్లు పోయిందని మరవకూడదు. మందు వాడిన విసురుకు ఆ రోజు దాని మీద దక్కిన ఆధిక్యం ఒక అడుగున్నర లోపే.

వయసు విషయానికి వద్దాం. కండరాల పేలుడు శక్తి ముప్పై దాటాక తగ్గుతుందన్నది శరీరశాస్త్రం చెప్పే మాటే. జావెలిన్ కేవలం ఆ శక్తి మీద నడిచే ఆటైతే పరుగుపందెం వీరుల్లాగే ఈటెవీరులూ ముప్పై దాటిన కొద్ది ఏళ్ళకే పక్కకు తప్పుకోవాలి. ష్పొటాకొవా ఒక్కతే మినహాయింపు అని, ఒక్క మనిషిని చూసి సిద్ధాంతం కట్టకూడదని అనవచ్చు. అది మంచి హెచ్చరికే. అయితే ఆమె ఒక్కతే కాదు. హాట్టెస్టాడ్ 34 ఏళ్ళ వయసులో సిడ్నీ ఒలింపిక్స్ గెలిచింది. జర్మనీకి చెందిన స్టెఫీ నేరియుస్ 37 ఏళ్ళప్పుడు, 2009లో, బెర్లిన్‌లో ష్పొటాకొవానే ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్ స్వర్ణ విజేత, చెకోస్లొవేకియాకు చెందిన దానా జాటొప్‌కొవా 35 ఏళ్ళకు ప్రపంచ రికార్డు నెలకొల్పి, 37 ఏళ్ళకు రోమ్‌లో ఒలింపిక్ రజతం గెలిచింది. పురుషుల్లో 98.48 మీటర్ల ప్రపంచ రికార్డు నెలకొల్పిన యాన్ జెలెజ్నీ, ష్పొటాకొవాకు శిక్షణ ఇచ్చినవారిలో ఒకరు, 35 ఏళ్ళకు ప్రపంచ చాంపియన్ అయి 40 ఏళ్ళకు యూరప్ కాంస్యం అందుకున్నాడు. వేర్వేరు దేశాలు, వేర్వేరు కాలాలు, వేర్వేరు ఈటెలు. అన్నింటిలోనూ అదే తీరు కనిపిస్తున్నప్పుడు దాన్ని మినహాయింపు అనలేం.

మ్యూనిక్‌లో ష్పొటాకొవా విసిరింది 60.68 మీటర్లే కదా, రికార్డుకు దాదాపు 12 మీటర్ల దిగువన, అది క్షీణత కాదా అంటే, క్షీణతే. ఎంత క్షీణతో కొలుద్దాం. దూరం 16 శాతం తగ్గింది. దూరం వేగం వర్గాన్ని అనుసరిస్తుంది కనుక ఈటె వేగంలో తగ్గుదల 9 శాతం లోపే. పద్నాలుగేళ్ళు, రెండు కాన్పులు, ఒక క్రీడా జీవితపు గాయాలు, ఇన్ని కలిసి వేగంలో పదో వంతును కూడా తీసుకుపోలేకపోయాయి. ప్రసవం తర్వాత తిరిగి మైదానానికి రావడం గురించి పత్రికలు సంకల్పబలం అని రాస్తాయి. సంకల్పం ఉండే ఉంటుంది, అయితే అది కొలతకు అందదు. కొలతకు అందేది ఇది: గర్భం, ప్రసవం, పాలిచ్చే నెలలు కండ పరిమాణాన్ని, పొట్ట బిగువును తాత్కాలికంగా తగ్గిస్తాయి, నాడీమండలంలో స్థిరపడిన కదలికల వరుసను చెరపవు. ఒకసారి ఈత వచ్చినవాడు ఏళ్ళ తర్వాత కూడా మునిగిపోడు. కండను తిరిగి కట్టుకోవడానికి నెలలు చాలు, వరుసను మొదటినుంచి నేర్చుకోవడానికి ఏళ్ళు కావాలి. 2013 మే నెలలో తల్లి అయిన ఆమె 2014 ఆగస్టులో యూరప్ చాంపియన్ కాగలిగిందంటే, పోగొట్టుకున్నది కండ, నిలుపుకున్నది వరుస కాబట్టే. ఆడపిల్లకు పెళ్ళయి పిల్లలు పుడితే ఆట ముగిసినట్టేనన్న మన ఇళ్ళలోని తీర్పుకు ఈ ఆటలో శాస్త్రీయమైన ఆధారం లేదు. ఆగిపోవడానికి కారణం సాధారణంగా శరీరం కాదు, తిరిగి శిక్షణకు వెళ్ళే సమయాన్ని, బిడ్డను చూసే చేతుల్ని, తిండికి డబ్బును ఎవరూ సమకూర్చకపోవడం.

ఈ వాదన మనకెందుకు పట్టాలి? భారత్‌లో జావెలిన్ ఇప్పుడు ఇంటింటి మాట. నీరజ్ చోప్రా టోక్యోలో స్వర్ణం గెలిచాక ఊరూరా పిల్లలు వెదురు కర్రలు పట్టుకున్నారు. అదే జెలెజ్నీ దగ్గర శిక్షణకు కుదిరాక, 2025లో దోహాలో నీరజ్ 90 మీటర్లు దాటాడు. మహిళల్లో అన్నూ రాణి హాంగ్జౌ ఆసియా క్రీడల్లో 62.92 మీటర్లతో స్వర్ణం తెచ్చింది. అవే క్రీడల్లో మన తెలంగాణ అమ్మాయి అగసర నందిని హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచింది. ష్పొటాకొవా ఎక్కడినుంచి బయల్దేరిందో ఆ ఆటలో మన అమ్మాయి ఆసియాలో మూడో స్థానంలో నిలిచిందంటే, తెలుగు నేలలో పునాది లేదని ఎవరూ అనలేరు. లేనిది ఎంపికలో చూపు. గురుకులాల్లో, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో జావెలిన్‌కు పిల్లల్ని ఎంచే వ్యాయామ ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పన్నెండేళ్ళ అమ్మాయి బంతిని ఎంత దూరం విసిరిందో కొలిచే ముందు, ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి ఒక్క కాలి మీద తడబడకుండా ఆగగలదేమో చూడండి. ఆమె చేతికి ఈటె ఇచ్చే ముందు హర్డిల్స్ దాటించండి, హైజంప్ చేయించండి, లాంగ్‌జంప్ పలక మీద అడుగు కొలవడం నేర్పండి. ఒకే ఆటలో త్వరగా బిగించకండి, ఎదగని భుజం మీద రోజుకు వంద విసుర్లు మోపకండి. తల్లిదండ్రులకు మరో మాట: ఇరవై ఐదేళ్ళు నిండేసరికి పతకం రాలేదని మీ అమ్మాయి చేత ఆట మాన్పించకండి. ఇరవై మూడేళ్ళకు ఒలింపిక్ ఫైనల్ కూడా చేరలేని ష్పొటాకొవా మొదటి ప్రపంచ స్వర్ణం ఇరవై ఆరేళ్ళకు గెలిచింది, చివరిది ముప్పై ఆరేళ్ళకు. ఈ ఆట ఓపిక పట్టినవాళ్ళది, ఆ ఓపిక ముందు మనం పట్టాలి.